శంషాబాద్ నుంచి దుబాయ్: 2,546 కిలోమీటర్లకు అమ్మకు నిజంగా ఎంత సమయం పడుతుంది?

వేయిస్తంభాల నీడ (హనుమకొండ) | జనవరి 5, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా చెల్లెలు షార్జాలో ఉంటుంది. తొమ్మిదో నెల నడుస్తోంది. కాన్పుకు అమ్మ వెళ్తోంది. నాన్నకు మోకాళ్ల నొప్పి, బీపీ. అంత ప్రయాణం ఆయన చేయలేరు, ఇక్కడే నా దగ్గర ఉంటారు. అంటే అమ్మ ఒక్కతే వెళ్లాలి. ఆమెకు అరవై ఒక్క ఏళ్లు. రైలులో కాశీ వరకు వెళ్లి వచ్చింది గానీ విమానం ఎన్నడూ ఎక్కలేదు.

టికెట్టు తీశాను. అందులో సమయాలు చూసినప్పటి నుంచి ఒక విషయం అర్థం కావడం లేదు. వెళ్లేటప్పుడు శంషాబాద్‌లో ఉదయం 10:20కి బయలుదేరి దుబాయ్‌లో 12:45కి దిగుతుందట. అంటే రెండు గంటల 25 నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ రాత్రి 9:50కి బయలుదేరి ఇక్కడ తెల్లవారుజామున 2:50కి దిగుతుందట. అంటే అయిదు గంటలు. దూరాలు లెక్కగట్టే ఒక చోట చూస్తే 2,546 కిలోమీటర్లు, సుమారు మూడున్నర గంటలు అని ఉంది. మూడు లెక్కలు, మూడు రకాలు.

అమ్మకు షుగరు ఉంది. టిఫిను ఎప్పుడు, మాత్ర ఎప్పుడు, భోజనం ఎప్పుడు అన్నది ముందే ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. అందుకే అడుగుతున్నాను. నిజంగా ఆమె ఎంతసేపు కూర్చోవాలి?

గ్లోబు మాస్టారు (జనగామ) | జనవరి 5, రాత్రి 9:48

మీ మూడు లెక్కల్లో తప్పు ఏదీ లేదు. ఒక్కొక్కటి ఒక్కో విషయం చెబుతోంది.

ముందు గడియారం సంగతి. మన సమయం గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందు ఉంటుంది. దుబాయ్, షార్జా, అబుధాబి అన్నీ నాలుగు గంటలు ముందు. అంటే అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక. మీ అమ్మగారు దిగే 12:45 మన లెక్కలో మధ్యాహ్నం 2:15. అంటే వెళ్లే ప్రయాణం 3 గంటల 55 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో రాత్రి 9:50 అంటే మనకు 11:20. అక్కడి నుంచి 2:50 వరకు మూడున్నర గంటలు. కాబట్టి 2:25, 5:00 అన్నవి మరచిపోండి. 3:55, 3:30 అన్నవే అసలు సంఖ్యలు.

ఇక 2,546 కిలోమీటర్ల సంగతి. బడిలో నేను గ్లోబు మీద నూలు దారం లాగి పిల్లలకు చూపించేవాడిని. హైదరాబాద్ మీద ఒక కొస, దుబాయ్ మీద ఇంకొక కొస పెట్టి బిగువుగా లాగితే దారం తనంతట తానే దగ్గరి దారి పట్టుకుంటుంది. ఆ దారం పొడవే ఈ దూరం. అది రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాల నుంచి కట్టిన లెక్క మాత్రమే. విమానం సరిగ్గా ఆ గీత మీద వెళ్లదు. నిర్ణీత వాయుమార్గాలు పట్టుకుని, గాలివాటం చూసుకుని, రన్‌వే ఏ దిక్కుకు తెరిచి ఉంటే అటు తిరిగి దిగుతుంది. కొన్ని పదుల కిలోమీటర్లు అదనంగా తిరగడం మామూలే.

వేయిస్తంభాల నీడ | జనవరి 5, రాత్రి 10:02

ధన్యవాదాలు మాస్టారూ. మనసు కొంచెం కుదుటపడింది. కానీ గడియారం సరిచేసిన తర్వాత కూడా వెళ్లడానికి 3:55, రావడానికి 3:30 అంటున్నారు. ఒకే దారికి ఇరవై అయిదు నిమిషాల తేడా ఎందుకు?

భద్రకాళి కట్ట (వరంగల్) | జనవరి 5, రాత్రి 10:30

నాకు కూడా ఈ విషయంలో అనుమానం ఉంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా. అలాంటప్పుడు పడమరకు వెళ్లే విమానానికి దుబాయే ఎదురు రావాలి. వెళ్లేటప్పుడే తక్కువ సమయం పట్టాలి. ఇక్కడ తలకిందులుగా ఉంది.

గ్లోబు మాస్టారు | జనవరి 6, ఉదయం 6:15

ఈ ప్రశ్న ముప్ఫై ఏళ్ల పాటు ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

కాజీపేటలో రైలు ఎక్కి సికింద్రాబాద్ వెళ్తున్నారనుకోండి. రైలు వేగంగా పోతోంది. మీరు బోగీలో లేచి ఇంజను వైపు పది అడుగులు నడిచినా, వెనక్కి పది అడుగులు నడిచినా పట్టే సమయం ఒకటే. ఎందుకంటే బోగీ, బోగీలోని గాలి, మీరు అందరూ కలిసే పోతున్నారు. భూమి కూడా తన గాలిని తనతో తిప్పుకుంటూనే తిరుగుతుంది. నేల మీద నిలబడి ఉన్నప్పుడే విమానానికి ఆ వేగం ఉంటుంది. గాలిలోకి లేచినంత మాత్రాన దాన్ని వదిలిపెట్టదు.

తేడా తెచ్చేది ఆ గాలిలో మళ్లీ ప్రత్యేకంగా వీచే గాలి. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, ఉత్తర భారతం మీదుగా చలికాలంలో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఒకటి ఉంటుంది. జెట్ ప్రవాహం అంటారు. దాని నడిమధ్య వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటడం సాధారణం. మన దారి దాని నడిమధ్యన కాకుండా దక్షిణపు అంచున ఉంటుంది కాబట్టి కొంత భాగమే తగులుతుంది.

లెక్క వేసి చూడండి. విమానం గాలిలో గంటకు 850 కిలోమీటర్లు పోతుందనుకుందాం. గాలి లేకపోతే 2,546 కిలోమీటర్లకు సరిగ్గా మూడు గంటలు. సగటున 60 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీది లెక్కకు వేగం 790. పట్టే సమయం 3 గంటల 13 నిమిషాలు. అదే గాలి వెనుక నుంచి తోస్తే వేగం 910. సమయం 2 గంటల 48 నిమిషాలు. తేడా ఇరవై అయిదు నిమిషాలు. మీ టికెట్టులో ఉన్నదీ అంతే.

మిగిలిన నలభై నిమిషాల చిల్లర ఎక్కడ పోయిందంటే, టికెట్టు మీద రాసే సమయం చక్రాలు కదిలినప్పటి నుంచి చక్రాలు ఆగే వరకు. రన్‌వే దాకా పాకడం, ముందు విమానాల వెనుక వరుసలో ఆగడం, ఎత్తుకు ఎక్కడం, దిగేముందు గాలిలో చుట్టు తిరగడం అన్నీ అందులోనే.

ఇంకొక ముక్క చెప్పకుండా ఉండలేను. వానాకాలంలో కథ మారుతుంది. పడమటి జెట్ ప్రవాహం హిమాలయాలకు ఉత్తరంగా జరిగిపోతుంది. దక్షిణ భారతం మీద, ఇంకా ఎత్తున, తూర్పు నుంచి పడమటికి వీచే మరో జెట్ ప్రవాహం పుడుతుంది. దాని మీద 1958లో పరిశోధన పత్రం ప్రచురించి లోకానికి వివరించినవారు పి. కోటేశ్వరం. ఆ తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి కూడా అయ్యారు. నైరుతి రుతుపవనాల పాఠం చెప్పిన ప్రతిసారీ ఆయన పేరు బల్ల మీద రాసేవాడిని.

భద్రకాళి కట్ట | జనవరి 6, ఉదయం 7:40

రైలు బోగీ ఉదాహరణతో అర్థమైంది మాస్టారూ. ఇన్నాళ్లూ తప్పుగానే అనుకున్నాను.

కోరుట్ల పాతకాపు (కోరుట్ల) | జనవరి 6, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, నేను దుబాయ్‌లో పంతొమ్మిది ఏళ్లు పనిచేసి వచ్చాను. మాస్టారు విమానం లెక్క చక్కగా చెప్పారు. నేను నేల మీది లెక్క చెబుతాను.

1994లో నేను మొదటిసారి వెళ్లినప్పుడు మా ప్రాంతం వాళ్లకు దారి అంటే బొంబాయే. కోరుట్లలో సాయంత్రం బస్సు ఎక్కితే నిజామాబాద్ దాటి, మహారాష్ట్రలో పడి, రాత్రంతా కుదుపులు తిని మర్నాడు బొంబాయి చేరేవాళ్లం. అక్కడ ఏజెంటు చూపించిన గదిలో పదకొండు రోజులు ఉన్నాను. ఒక గదిలో పద్నాలుగు మందిమి. రేపు, ఎల్లుండి అంటూ వీసా కాగితం ఇవ్వలేదు. ఇంటికి ఉత్తరం రాద్దామంటే ఏమి రాయాలో తెలిసేది కాదు. విమానంలో కూర్చున్నాక మూడు గంటలకే దుబాయ్ వచ్చేసిందంటే నమ్మలేకపోయాను. బొంబాయి నుంచి దుబాయ్ అంత దగ్గరని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

మాస్టారూ, ఒక సందేహం. బొంబాయి చుట్టు తిరిగి వెళ్లడం వల్ల మాకు ఎన్ని కిలోమీటర్లు ఎక్కువయ్యాయి?

గ్లోబు మాస్టారు | జనవరి 6, రాత్రి 8:05

మీ ప్రశ్న చూసి కాగితం తీసుకుని కూర్చున్నాను. రెండుసార్లు లెక్క సరిచూశాను.

శంషాబాద్ నుంచి ముంబై విమానాశ్రయం 622 కిలోమీటర్లు. ముంబై నుంచి దుబాయ్ 1,926. రెండూ కలిపితే 2,548. నేరుగా వెళ్తే 2,546.

తేడా రెండు మూడు కిలోమీటర్లు! ముంబై దాదాపు ఆ దారం మీదనే ఉంది. హైదరాబాద్‌లో లేచిన విమానం వాయవ్యపు దిక్కుగా, లాతూరు పక్కగా, ముంబైకి కొంచెం ఉత్తరంగా నేల దాటి అరేబియా సముద్రం మీదికి వెళ్తుంది. తర్వాత ఒమాన్ కొండలు, ఆపైన దుబాయ్. కాబట్టి ఆకాశం లెక్కలో మీకు దారి పెరగలేదు. నేల మీద మాత్రమే పెరిగింది.

కోరుట్ల పాతకాపు | జనవరి 6, రాత్రి 8:31

రెండు కిలోమీటర్లా. మా ఊరి నుంచి మెట్‌పల్లి కూడా అంతకంటే దూరం.

2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక మేము సెలవుకు నేరుగా రావడం మొదలుపెట్టాం. అంతకుముందు బేగంపేటలో దిగినవాళ్లు కూడా ఉన్నారు గానీ నాకు ఆ అవకాశం రాలేదు. నేరుగా వచ్చిన మొదటిసారి తెల్లవారుజామున దిగి, మధ్యాహ్నం భోజనం వేళకు ఇంట్లో ఉన్నాను. మా అమ్మ అన్నం వడ్డిస్తూ, నిన్న రాత్రి ఎక్కడ తిన్నావురా అని అడిగింది. దుబాయ్‌లో తిన్నానమ్మా అన్నాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వేయిస్తంభాల నీడ | జనవరి 6, రాత్రి 9:15

అన్నా, మీ మాట చదివి నాన్నకు వినిపించాను. నాన్న తమ్ముడు కూడా బొంబాయి దారిలోనే మస్కట్ వెళ్లారు. చాలాసేపు ఆయన గురించే చెప్పారు.

ఇప్పుడు హనుమకొండ నుంచి ఎప్పుడు బయలుదేరాలో చెప్పండి.

షార్జా అక్క (సొంతూరు లక్షెట్టిపేట) | జనవరి 7, ఉదయం 11:00

తమ్ముడూ, అమ్మలను పిలిపించుకున్న అనుభవం నాకు ఉంది. మా అమ్మ, మా అత్తమ్మ ఇద్దరూ నా కాన్పులకు వచ్చారు. వివరంగా చెబుతాను.

హనుమకొండ నుంచి జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ వచ్చి, అక్కడ ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే ఊళ్లోకి పోనవసరం లేకుండా శంషాబాద్ చేరవచ్చు. 160, 170 కిలోమీటర్ల దారి. మూడు గంటలు చాలు. కానీ జనవరి నెల. భువనగిరి, బీబీనగర్ మధ్య తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా పడుతుందో మీకే తెలుసు. విమానానికి మూడు గంటల ముందు, అంటే 7:20కి లోపల ఉండాలి. సామాను తీసుకునే కౌంటరు గంట ముందే మూసేస్తారు. ఒక్క నిమిషం దాటినా బతిమాలి లాభం లేదు. మూడింటికే ఇల్లు కదలండి.

టికెట్టులో వీల్‌చైర్ సాయం ఇప్పుడే రాయించండి. అమ్మ నడవగలరని నాకు తెలుసు. ఇంగ్లిషు, హిందీ రాని పెద్దవాళ్లను చేయి పట్టుకుని తనిఖీలన్నీ దాటించి విమానం తలుపు దాకా, అక్కడ దిగాక బయటి దాకా తీసుకువచ్చే మనిషి ఒకరు ఉంటారు. దుబాయ్ విమానాశ్రయం ఎంత పెద్దదంటే, మొదటిసారి వచ్చినవాళ్లు ఆ నడకకే కంగారుపడతారు. అమ్మ ఏ టెర్మినల్‌లో దిగుతారో చెల్లెలికి రాసి పంపండి. అక్కడ మూడు ఉన్నాయి. రెండోది రన్‌వేలకు అవతలి వైపు. మా ఆయన ఒకసారి తప్పు టెర్మినల్ ముందు నిలబడితే, అమ్మ ఇంకొక చోట నలభై నిమిషాలు ఎదురుచూసింది.

ఇంకొకటి. ఇక్కడ వాట్సాప్‌లో సందేశాలు వెళ్తాయి, కాల్స్ కలవవు. దిగగానే అమ్మ ఫోను చేయలేదని మీరు భయపడవద్దు. ఇక్కడ కాల్స్ కలిసే బోటిమ్ అనే యాప్ ఇప్పుడే ఇద్దరి ఫోనుల్లో పెట్టి, వాడటం నేర్పించండి.

అన్నిటికంటే ముఖ్యం: సామానులో ఏమి పెడుతున్నారు?

వేయిస్తంభాల నీడ | జనవరి 7, మధ్యాహ్నం 12:25

అక్కా, మేలు చేశారు. సామాను అమ్మే సర్దుతోంది. సకినాలు, మామిడికాయ తొక్కు, కారప్పొడి, కాన్పు తర్వాత పెట్టడానికి వెల్లుల్లి కారం. కూరల్లోకి గసగసాలు అరకిలో. ఇరవై ఒకటో రోజున చెల్లెలికి ఒడిబియ్యం పోయాలని పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికె గుడ్డ.

షార్జా అక్క | జనవరి 7, మధ్యాహ్నం 12:31

గసగసాలు వెంటనే తీసేయండి. ఒక్క గింజ కూడా ఉండకూడదు. ఈ దేశంలో అవి మాదకద్రవ్యాల కింద లెక్క. తెలియక తెచ్చామన్నా కేసు అవుతుంది. ఇప్పుడే ఇంట్లోకి వెళ్లి తీసేసి, నాకు ఇక్కడ రాయండి.

వేయిస్తంభాల నీడ | జనవరి 7, మధ్యాహ్నం 12:58

తీసేశాం అక్కా. మసాలా పొడి కూడా పక్కన పెట్టాం, అందులోనూ గసగసాలు వేయించి కలిపిందట అమ్మ. పెట్టెలో గుడ్డ పరిచి, దులిపి మళ్లీ సర్దుతున్నాం. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి.

షార్జా అక్క | జనవరి 7, మధ్యాహ్నం 1:10

పొడి సంగతి అడుగుదామనుకుంటూ ఉన్నాను. అమ్మకు గుర్తుకు రావడం మంచిదైంది.

వక్కలు, తమలపాకులు కూడా వద్దు. కుడుకలు పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడికి అంటుకునే గుణం ఉందని మన దేశంలోనే ఆపేస్తారు. కుడుకలు, ఖర్జూరాలు షార్జాలో మన కిరాణా దుకాణాల్లో దొరుకుతాయి, చెల్లెలితో కొనిపించండి. పసుపు బియ్యం, రవికె గుడ్డ మాత్రం అమ్మ చేత్తోనే రానివ్వండి. తొక్కు సీసా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో కట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. షుగరు మాత్రలు, డాక్టరు చీటీ చేతి సంచిలో ఉండాలి. అక్కడి మాత్రలు కొన్నిటికి ఇక్కడ ముందస్తు అనుమతి కావాలి. నొప్పి మాత్రలు ఏవైనా ఉంటే వాటి పేర్లు నాకు పంపండి.

మామునూరు (వరంగల్) | జనవరి 8, సాయంత్రం 6:40

ఇదంతా చదువుతుంటే నా మనసులో మాట రాయాలనిపించింది. మా ఇంటి నుంచి మామునూరు రన్‌వే కనిపిస్తుంది. నిజాం కాలంలో, 1930లో కట్టారు. 1981 వరకు పనిచేసింది. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉండటంతో ఏళ్ల తరబడి దాని ఊసే లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. మాస్టారూ, మామునూరు నుంచి దుబాయ్ ఎంత దూరమో చెప్పగలరా?

గ్లోబు మాస్టారు | జనవరి 8, రాత్రి 7:55

సుమారు 2,630 కిలోమీటర్లు. శంషాబాద్ కంటే 85 కిలోమీటర్లు ఎక్కువ. గాలిలో ఆరు నిమిషాల మాట.

మామునూరు | జనవరి 8, రాత్రి 8:10

ఆరు నిమిషాలు ఎక్కువ పడితే తెల్లవారుజామున మూడు గంటల రోడ్డు తప్పుతుంది. వెంటనే విదేశీ విమానాలు వస్తాయని నేను అనడం లేదు. మొదట చిన్న విమానాలే దిగుతాయేమో. అయినా మా పక్క ఊళ్ల నుంచి అమెరికాకు, గల్ఫ్‌కు పిల్లలను సాగనంపే ప్రతి ఇల్లూ ఆ మంచులో కారు నడుపుకుంటూ పోతోంది. అది ఆగాలి. భూములు ఇచ్చే రైతులకు న్యాయమైన ధర కూడా దక్కాలి. రెండూ జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

వేయిస్తంభాల నీడ | జనవరి 20, రాత్రి 10:15

అందరికీ చెప్పవలసిన కబురు. అమ్మ క్షేమంగా చేరింది. మాస్టారు అడుగుతారని సమయాలన్నీ రాసి పెట్టుకున్నాను.

తెల్లవారుజామున 3:00కి ఇల్లు కదిలాం. ఆలేరు దాటాక మంచు. కారు దీపాల ముందు తెల్లటి గోడలా ఉంది. బీబీనగర్ దాకా నలభై వేగం మించలేదు. ఔటర్ మీద తేరుకుని 6:50కి విమానాశ్రయం చేరాం. వీల్‌చైర్ తోసిన అబ్బాయి మంచిర్యాల వాడు. అమ్మను పెద్దమ్మా అని పిలిచాడు. అప్పుడు ఆమె ముఖంలో భయం పోవడం నేను గాజు తలుపు ఇవతలి నుంచి చూశాను.

విమానం నేల విడిచింది 10:38కి. దిగింది అక్కడి 12:36కి, అంటే మనకు 2:06. గాలిలో ఉన్నది 3 గంటల 28 నిమిషాలు. తనిఖీలు, సామాను అయ్యి బయటికి వచ్చేసరికి అక్కడి 1:50. షార్జాలో చెల్లెలి గుమ్మం తొక్కింది 2:40కి, మనకు 4:10. మొత్తం పదమూడు గంటల పది నిమిషాలు. మాత్రల కాగితం ఆ లెక్క ప్రకారమే రాశాను, ఎక్కడా తప్పలేదు.

గ్లోబు మాస్టారు | జనవరి 20, రాత్రి 10:40

చాలా సంతోషం. అమ్మగారు కిటికీ పక్కన కూర్చున్నారా? ముంబై తీరం కనిపించిందా?

వేయిస్తంభాల నీడ | జనవరి 20, రాత్రి 11:05

కిటికీ పక్కనే మాస్టారూ. నేల అయిపోయి సముద్రం మొదలైన చోటు చూశానని చెప్పింది. అక్కడే బొంబాయి ఉంటుందట కదా, మీ బాబాయి అక్కడి నుంచే వెళ్లాడు కదా అని నన్ను అడిగింది.

ఇంకొకటి. చెల్లెలు అమ్మ చేతి గడియారాన్ని గంటన్నర వెనక్కి తిప్పబోతే అమ్మ ఒప్పుకోలేదట. ఇంట్లో గోడ గడియారం, ఫోను ఎలాగూ అక్కడి సమయం చూపిస్తాయి, చేతి మీద మాత్రం హనుమకొండ సమయమే ఉండనీ అన్నదట. ఈ రోజు రాత్రి సరిగ్గా ఎనిమిదిన్నరకు బోటిమ్ మోగింది. నాన్న ఎత్తగానే అమ్మ మొదటి మాట, బీపీ మాత్ర వేసుకున్నారా అని.